పసిఫిక్‌లో మారుమూల పగడపు దీవికి తెరచాప పడవలో వెళ్తే, ఆ ఊరివాళ్ళకి ఏం తీసుకెళ్ళాలి?

ముందు మీ పొట్ట సంగతి చూసుకోండి, కానుకల మాట తర్వాత. నేను ఆక్లాండ్‌లో ఉంటాను. ఆఫీసులో ఒకాయన తన పడవలో సాయంగా మనిషి కావాలంటే ఎగిరి గంతేశాను. బోరాబోరా దీవి నుంచి పామర్‌స్టన్ దీవికి ఐదారు రోజులు. అందులో మూడు రోజులు బకెట్టుకే అంకితం. సముద్ర ప్రయాణం ధ్యానంలా ఉంటుందని వీడియోలు పెట్టేవాళ్ళని ఆ బకెట్టు పక్కన కూర్చోబెట్టాలి.

పామర్‌స్టన్ కుక్ దీవుల్లోది. ఊళ్ళో అరవై మంది కూడా ఉండరు, దాదాపు అందరి ఇంటిపేరూ మార్‌స్టర్స్. 1863లో విలియం మార్‌స్టర్స్ అనే ఇంగ్లీషాయన వచ్చి కాపురం పెట్టాడు, ముగ్గురు భార్యలు. ఒక్కో భార్య సంతతి ఒక్కో శాఖ. సొంత శాఖలో పెళ్ళి కూడదని ఆయనే కట్టడి పెట్టాడట. మా అమ్మకి ఫోన్లో చెబితే, "సగోత్రం కదరా మరి" అని తేల్చేసింది.

మన పడవ లోపలి మడుగులోకి పోదు, దారిలో అంత లోతు లేదు. పగడపు దిబ్బ బయట, పడమటివైపు నీళ్ళలో తేలే బోయాకి కట్టుకోవాలి. ముందుగా ఎదురొచ్చి పలకరించిన కుటుంబమే మీకు చుట్టాలు. ఒడ్డుకి తీసుకెళ్ళేదీ, అన్నం పెట్టేదీ వాళ్ళే.

రెండో రోజు చిలకచేప వేపుడు, అన్నం. వడ్డిస్తున్న పెద్దాయన గరిట పట్టుకునే కొబ్బరాకుల వైపు చూశాడు. నాకేం తేడా కనపడలేదు. "తినడం తర్వాత, లేవండి" అన్నాడు. తూర్పుగాలి ఉన్నంతసేపే అక్కడ క్షేమం. పడమటిగాలి తిరిగిందా, పడవ సరాసరి దిబ్బ మీదకే. మేం చెయ్యి కడుక్కునేలోపు ఆ ఇంటావిడ పళ్ళేల్లోవన్నీ ఐస్‌క్రీమ్ డబ్బాలోకి సర్దేసింది. వెళ్ళేసరికి మా పడవ వెనకభాగం దిబ్బ వైపు తిరిగి ఉంది, కెరటం విరిగే నురగ చేతికందేంత దగ్గర. తాడు విప్పి బయటపడ్డాం, మళ్ళీ ఒడ్డెక్కలేదు. చివరి రోజు ఇద్దామని దాచిన చాక్లెట్లు, టీషర్టులు సంచిలోనే ఉండిపోయాయి.

ఉండిపోవడమే మంచిదైంది. వాళ్ళకి ఫ్రీజర్లున్నాయి, చేపలు గడ్డకట్టించి కుక్ దీవుల్లో పెద్దదైన రారోటాంగాకి పంపి అమ్ముకుంటారు. పాత బట్టలు పంచడానికి అదేం వరద శిబిరం కాదు. సరుకుల ఓడ ఏడాదికి కొన్నిసార్లే వస్తుంది కాబట్టి బియ్యం, పిండి, గాలాలు, ఇంజన్ ఆయిల్ పట్టుకెళ్ళండి. ఇచ్చేదేదో దిగిన రోజే ఇచ్చెయ్యండి. ఆదివారం మాత్రం ఏ పనీ అడక్కండి. చర్చికి ఆడవాళ్ళు టోపీ పెట్టుకెళ్ళాలి.

ఆ ఐస్‌క్రీమ్ డబ్బా ఇప్పటికీ మా వంటింట్లో ఉంది. మన ఇళ్ళలో గిన్నె ఖాళీగా తిరిగివ్వరు కదా. మీరు నిజంగా వెళ్తుంటే చెప్పండి, మీ చేతికిస్తాను. ఆవకాయ పెడదామని మా ఆవిడ, గాలాలు పెడదామని నేను.