రోజుకి పదిసార్లు నెట్ పోతోందా? రౌటర్ రీస్టార్ట్ చేసే ముందు ఒక నంబర్ చూడండి

మీరు కూకట్‌పల్లిలో ఉంటామని, ఫైబర్ కనెక్షన్ అని, రోజుకి ఎనిమిది పది సార్లు నెట్ పోయి రెండు మూడు నిమిషాల్లో దానంతటదే వస్తోందని, కస్టమర్ కేర్‌కి ఎప్పుడు ఫోన్ చేసినా రౌటర్ ఆపి ఆన్ చేయండి అంటున్నారని రాశారు కదా. సేమ్ ఇదే మాకు నాచారంలో నాలుగు నెలలు నడిచింది. మా ఆవిడకి వర్క్ ఫ్రమ్ హోమ్, క్లయింట్‌తో మాట్లాడుతుంటే మధ్యలో కట్, పాపం ల్యాప్‌టాప్ ఎత్తుకుని ఫోన్ హాట్‌స్పాట్ సిగ్నల్ కోసం బాల్కనీలోకి పరిగెత్తేది, అది చూస్తే నాకు కడుపు మండిపోయేది. కంపెనీ పేరు అనవసరం, ఎవరిదైనా పద్ధతి ఇదే.

ముందు పోయేది వైఫైనా లైనా అన్నది తేల్చుకోండి. నెట్ పోయిన ఆ రెండు నిమిషాల్లో రౌటర్ దగ్గరికెళ్ళి లైట్లు చూడండి, పాన్ (PON) అని రాసున్న లైట్ పచ్చగా నిలకడగా ఉంటే ఫైబర్ బానే ఉన్నట్టు, వైఫై సంగతో కంపెనీ వైపు నుంచి వచ్చే సమస్యో చూసుకోవాలి, ల్యాప్‌టాప్‌కి కేబుల్ పెట్టి చూస్తే అదీ తెలిసిపోతుంది. ఎల్ఓఎస్ (LOS) దగ్గర ఎర్ర లైట్ కొట్టుకుంటుంటే మాత్రం మీ ఇంటిదాకా వెలుతురే రావట్లేదని అర్థం (ఫైబర్ వైరులో నెట్ వచ్చేది వెలుతురు రూపంలోనే), అప్పుడు రౌటర్ వందసార్లు రీస్టార్ట్ చేసినా వేస్ట్. ఆ ఎర్ర లైట్ వీడియో తీసి పెట్టుకోండి.

ఇంక అసలు విషయం, నాకు ఇది తెలియకే మూడు నెలలు పోయాయి. రౌటర్ పేజీలోకి వెళ్తే (బాక్స్ వెనకాల స్టిక్కర్ మీద అడ్రస్, పాస్‌వర్డ్ ఉంటాయి) ఆప్టికల్ ఇన్ఫో లేదా పాన్ స్టేటస్ అని ఉంటుంది, అందులో ఆర్ఎక్స్ పవర్ (Rx Power, అంటే రిసీవ్ పవర్, మన బాక్స్‌కి అందుతున్న వెలుతురు బలం) అని మైనస్‌లో ఒక నంబర్ కనిపిస్తుంది, డీబీఎం (dBm) అనే కొలతలో. మైనస్ 15 నుంచి 24 దాకా ఉంటే హాయిగా నడుస్తుంది, 27 దాటిందంటే చాలా బాక్సులు లైన్ పట్టుకోలేవు. మైనస్ పక్కన అంకె పెరిగేకొద్దీ వెలుతురు తగ్గుతున్నట్టు, పది తేడా వస్తే పదో వంతే వస్తోందన్నమాట. మాది మామూలుగా 26 చూపించేది, గాలొస్తే 29కి పోయేది, నెట్ పోయేది. ఒక్కోసారి రౌటర్ వెనక పసుపు రంగు సన్న వైరు మంచం కోడు కింద నలిగినా, గట్టిగా మడత పడినా ఇలా అవుతుంది, అదొక్కటి మీరే చూసుకోండి, చివర కనెక్టర్ మాత్రం పీకి తుడవడాలు అవీ వద్దు.

నేను ఆరు రోజులు ఒక నోట్‌బుక్‌లో పోయిన టైమ్, వచ్చిన టైమ్, అప్పుడు ఆ నంబర్ ఎంతుందో రాశా, మొత్తం 41 సార్లు. తర్వాత కస్టమర్ కేర్ అమ్మాయితో "మేడం, స్లో అని కంప్లైంట్ పెట్టొద్దు, రిసీవ్ పవర్ లో, లైన్ మాటిమాటికీ కట్ అవుతోంది అని రాయండి, పవర్ మీటర్ ఉన్న టెక్నీషియన్‌ని పంపించండి" అన్నా (వైరులో వచ్చే వెలుతురుని కొలిచేదే ఆ మీటర్). అంతకుముందు మూడుసార్లు వచ్చిన వాళ్ళు స్పీడ్ టెస్ట్ చేసి, ఫోన్‌లో 100 చూపించి వెళ్ళిపోయారు. నాలుగోసారి మాత్రం మీటర్ పట్టుకుని ఒకబ్బాయి వచ్చాడు, వైరు పీకి మీటర్‌కి పెట్టి "అన్నా గీడిదాక్నే పవర్ ఒస్తలేదు, స్తంభం కాడ చూడాలె" అన్నాడు. కిందికి ఇద్దరం వెళ్ళాం. ఇస్త్రీ బండి పక్కన స్తంభం, దాని మీద ఇరవై రకాల నల్ల వైర్ల చుట్ట, అందులో మా వైరు జాయింట్‌కి డబ్బా కూడా లేదు, నల్ల టేపు చుట్టి వదిలేశారు, టేపు విప్పితే లోపల్నుంచి వాన నీళ్ళు కారాయి. ఆ అబ్బాయి అది కోసేసి మెషిన్‌తో మళ్ళీ అతికించి డబ్బాలో పెట్టాడు, పైకొచ్చి చూస్తే మైనస్ 19. ఆ రోజు నుంచి ఇప్పటికి ఏడు నెలలు, ఒక్కసారి కూడా దానంతటది పోలేదు.

ఆ జాయింట్ ఎందుకలా ఉందంటే, 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు కదా, దాని తర్వాత కరెంటు వాళ్ళు స్తంభాల మీది కేబుళ్ళు చాలా ఏరియాల్లో కోసేశారు. మళ్ళీ నెట్ ఇవ్వాలని హడావిడిగా అతికించినవాటిలో మాదొకటని ఆ అబ్బాయే చెప్పాడు. మీ ఏరియాలో కూడా అప్పట్లో కోశారేమో పక్కింటివాళ్ళని అడగండి, వాళ్ళకీ అదే టైమ్‌లో పోతుంటే అందరూ ఒకేరోజు కంప్లైంట్ పెట్టండి, ఒక్కరి కంప్లైంట్ కన్నా త్వరగా కదులుతారు.

ఒక్క జాగ్రత్త, బాగు కాకుండానే కంప్లైంట్ క్లోజ్ చేయడానికి ఓటీపీ చెప్పమని ఫోన్ చేస్తారు, చెప్పొద్దు. నేను రెండుసార్లు మొహమాటపడి చెప్పేశా, పాపం ఆ అబ్బాయికి టార్గెట్ ఉంటుంది అనుకుని, దాంతో రికార్డులో రెండూ బాగైపోయినట్టు పడ్డాయి, మళ్ళీ కొత్తగా మొదలుపెట్టాల్సి వచ్చింది.

అయినా ఎవరూ రాకపోతే, ప్రతి కంప్లైంట్‌కి డాకెట్ నంబర్ (కంప్లైంట్ నంబర్) ఇవ్వాల్సిందే, అది దాచుకోండి. దాంతో తేలకపోతే అదే కంపెనీలో పై అప్పీలు వినే అప్పీలేట్ అథారిటీ అని ఉంటారు, టెలికాం కంపెనీలకి రూల్స్ పెట్టే ట్రాయ్ సంస్థ 2012లో పెట్టిన రూల్స్ ప్రకారం ఉండి తీరాలి, వాళ్ళ వెబ్‌సైట్‌లో కింద చిన్న అక్షరాల్లో ఈమెయిల్ ఉంటుంది, ఫీజేమీ లేదు, 39 రోజుల్లో తేల్చాలి. నేరుగా ట్రాయ్‌కి రాస్తే మాత్రం మనలాంటి ఒక్కొక్కరి కంప్లైంట్లు వాళ్ళు తేల్చరు, చాలామంది అక్కడే టైమ్ పోగొట్టుకుంటారు. 1915 కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసినా కంపెనీకి పంపిస్తారు. నేను మూడో టెక్నీషియన్ వెళ్ళిపోయాక అప్పీల్ పెట్టా, నోట్‌బుక్ పేజీల ఫోటోలు, ఎర్ర లైట్ వీడియో కూడా జత చేశా, నాలుగో రోజు ఫోన్ వచ్చింది, మీటర్ పట్టుకొచ్చిన అబ్బాయి ఆ తర్వాతే వచ్చాడు. పోయిన రోజులకి బిల్లులో తగ్గించమని కూడా ఆ మెయిల్‌లోనే అడిగా, తర్వాతి నెల బిల్లులో తగ్గించారు, అడక్కపోతే ఇచ్చేవాళ్ళు కాదు.

ఈ రాత్రికి ఆ ఆర్ఎక్స్ పవర్ ఎంతుందో, నెట్ పోయినప్పుడు ఏ లైట్ వెలుగుతోందో చూసి ఇక్కడ కింద రాయండి, కస్టమర్ కేర్‌కి ఏం చెప్పాలో చూసి చెప్తా.