నవల చదివినవాళ్లూ, సిరీస్ చూసినవాళ్లూ: మేనకోడలికి ఉత్తరం

కర్నూలు

చిరంజీవి మానసకు,

అత్త ఆశీస్సులు. నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి నీ సంగతి చెప్పాడు. సెలవులకు కడప వచ్చిన స్నేహితులందరినీ మేడ మీదికి పిలుస్తున్నావట. సింహాసనం కోసం రాజవంశాలు కొట్టుకునే ఆ గేమ్ ఆఫ్ థ్రోన్స్ నవలలు చదివినవాళ్లు ఒక వైపు, వాటి మీద తీసిన టీవీ సిరీస్ మాత్రమే చూసినవాళ్లు ఇంకో వైపు కూర్చుని, టీవీ వాళ్లు కథను ఎక్కడెక్కడ మార్చారో తేల్చుకుంటారట. "దీనికి చదువు లేదా, పని లేదా" అని మొదలుపెట్టాడు గానీ, వాడి గొంతులో గర్వం దాగలేదు. నాకు మాత్రం తెల్లవారుజాము దాకా నిద్ర పట్టలేదు. సంతోషం ఒకటి, టెన్షన్ ఒకటి. ఫోన్‌లో చెబితే సగం నేను మర్చిపోతాను, మిగతా సగం నువ్వు "సరే అత్తా, సరే అత్తా" అని దాటవేస్తావు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

చిన్న విషయాలు ముందే చెప్పేస్తాను. మే నెలలో మన మేడ సాయంత్రం ఆరున్నర దాకా కాలుతూనే ఉంటుంది, ఐదింటికి పిలవొద్దు. నీళ్ల క్యాన్లు అనుకున్నదానికన్నా రెండు ఎక్కువ తెప్పించు. మైక్ పెట్టొద్దు, మైక్ ఉంటే మాటలు పోయి ఉపన్యాసాలు వస్తాయి. ఉగ్గాని, బజ్జీలు చివర్లో కాకుండా మధ్యలో పెట్టు, వాదన ముదిరిన చోట అందరూ లేచి ప్లేట్లు పట్టుకుంటారు. ఆడపిల్లలు రాత్రి ఇంటికి ఎలా వెళ్తారో పిలిచేటప్పుడే అడుగు. ఎవరికీ బండి లేకపోతే మీ నాన్న కారు తీస్తాడు, నేను చెప్పానని చెప్పు.

ఇక అసలు మాట. ఆ "ఒక వైపు, ఇంకో వైపు" ఏర్పాటు నాకు నచ్చలేదు. ఎందుకో చెప్పాలంటే నువ్వు పుట్టక చాలా ముందటి కడప గురించి చెప్పాలి.

నేను డిగ్రీ చదివే రోజుల్లో మా అందరికీ సీరియళ్ల పిచ్చి. వారపత్రికలో వచ్చే సీరియల్ పేజీలు వారం వారం జాగ్రత్తగా చింపి, వరసగా పేర్చి, సీరియల్ అయిపోగానే దబ్బనంతో మూడు చోట్ల పొడిచి పురికొసతో కుట్టేవాళ్లం. మైదా పిండి ఉడికించిన జిగురుతో పాత క్యాలెండర్ అట్ట అంటిస్తే పుస్తకం తయారు. ఏడు రోడ్లకు దగ్గరలో ఒక అద్దె పుస్తకాల షాపు ఉండేది. దాని యజమాని ఇలాంటి బైండింగులు గోడ నిండా పేర్చుకుని, రోజుకు పావలాకూ అర్ధరూపాయికీ ఇచ్చేవాడు. ఆయన చదవని నవల లేదు. ఏ సన్నివేశం ఏ వారం వచ్చిందో కూడా చెప్పగలిగేవాడు. డబ్బులు లేని పిల్లలకు ఊరికే ఇచ్చిన రోజులు నాకు తెలుసు. మంచి మనిషి. ఈ మాట ముందే చెబుతున్నాను, ఎందుకంటే తర్వాత చెప్పేది ఆయన గురించే.

అవి నవలలు సినిమాలవుతున్న రోజులు. యండమూరి అభిలాష 1983లో అదే పేరుతో వచ్చింది, డబ్బు టు ది పవర్ ఆఫ్ డబ్బు మరుసటి ఏడాది ఛాలెంజ్ అయింది. ఒక నవల సినిమాగా వచ్చిందంటే ఆ వారమంతా షాపు ముందు సాయంత్రాలు పంచాయితీయే. అది తీసేశారు, ఇది కలిపారు, ముగింపు పాడు చేశారు. కాలేజీ పిల్లలం, ఇద్దరు ముగ్గురు టీచర్లు, ఒక బ్యాంకు ఉద్యోగి. మాతో పాటు ఒక పక్కగా మా వీధి టైలర్ దగ్గర కాజాలు కుట్టే పిల్ల కూడా నిలబడేది. ఐదో తరగతితో బడి మానేసింది. నవలలు చదివే ఓపికా తీరికా ఆ పిల్లకు లేవు. సినిమా మాత్రం నేల టికెట్‌లో కూర్చుని కళ్లప్పగించి చూసేది.

ఒక సాయంత్రం అప్పుడే వచ్చిన ఒక సినిమా గురించి మాట్లాడుకుంటున్నాం. నవలలో హీరోయిన్ ఇల్లు వదిలి వెళ్లిపోవాలా వద్దా అని ఒక అధ్యాయం మొత్తం ఆలోచిస్తుంది. సినిమాలో అదంతా ఎత్తేశారని మా గోల. అప్పుడు ఆ పిల్ల మెల్లగా అంది: "ఎత్తెయ్యలేదక్కా. ఉత్తరం చదివేటప్పుడు ఆ యమ్మ గాజులు మోచేతి దాకా వెనక్కి నెట్టుకుంటుంది. పనికి దిగేటప్పుడే అట్ల నెట్టుకుంటాం. అప్పుడే నిశ్చయమైపోయింది ఆమెకు."

షాపు యజమాని నవ్వి, "నవల చదివినవాళ్లు మాట్లాడుకుంటున్నాం, నువ్వుండమ్మా" అన్నాడు. కోపంగా కాదు, పిల్లలను పక్కకు జరిపినట్టు అన్నాడు. అందరూ నవ్వారు. ఆ పిల్ల కూడా నవ్వింది. మర్నాడు రాలేదు. తర్వాత నేను వెళ్లి పిలిస్తే "నాకెందుకులే అక్కా, అవి చదువుకున్నోళ్ల మాటలు" అంది. మళ్లీ ఎన్నడూ రాలేదు.

నేను ఆ ఆదివారం మళ్లీ సినిమాకు వెళ్లి, ఆ ఉత్తరం సీన్ కోసమే కాచుకుని చూశాను. ఆ పిల్ల చెప్పింది అక్షరాలా నిజం. మాట లేదు, మ్యూజిక్ కూడా ఆగిపోయింది. గాజులు మాత్రం వెనక్కి జరిగాయి. నవలలో ఒక అధ్యాయం పట్టిన పని అక్కడ రెండు సెకన్లలో జరిగింది. నవల చదివిన మాకెవ్వరికీ అది కనిపించలేదు, ఎందుకంటే మేము తెర చూడడం లేదు, మాకు గుర్తున్న పేజీలు తెర మీద ఉన్నాయా లేవా అని లెక్క చూసుకుంటున్నాం. ఆ తర్వాత కొన్నాళ్లకు షాపు ముందు చదివినవాళ్లం మాత్రమే మిగిలాం. అందరికీ తెలిసిందే అందరం చెప్పుకునేవాళ్లం. అలా అలా అదీ ఆగిపోయింది.

ఇప్పుడు నిన్ను కాస్త తిట్టాలి. నీకు ఐదు నవలలూ కంఠతా వచ్చు. నాలుగో తరగతిలో ఉన్నప్పుడు నేను కథ చెబుతుంటే, "పోయినసారి రాజుకు ముగ్గురు కొడుకులన్నావు, ఇప్పుడు ఇద్దరంటున్నావు" అని ఆపేసేదానివి. ఆ జ్ఞాపకశక్తి చూసి మురిసిపోయాను, ఇప్పటికీ మురిసిపోతాను. కానీ ఎదుటివాళ్ల మాట పూర్తికాకుండా తుంచే అలవాటు నీకు అప్పటి నుంచీ ఉంది. ఆ మేడ మీద నీ నోట "నవల చదివితే తెలిసేది" అన్న మాట ఒక్కసారి కూడా రాకూడదు. నవ్వుతూ కూడా అనొద్దు బంగారూ.

అందుకే అందరినీ కలిపి కూర్చోబెట్టు. మొదలు కూడా పోయినవాటితో పెట్టొద్దు, వచ్చినవాటితో పెట్టు. మొదటి సీజన్‌లో రాజు రాబర్ట్, రాణి సెర్సీ ఇద్దరే కూర్చుని తమ పెళ్లి ఎందుకు చెడిందో మాట్లాడుకునే సీన్ ఉంది కదా, అది నవలలో లేదు. ఉండే వీలు కూడా లేదు. ఆ నవలల్లో దాదాపు ప్రతి అధ్యాయానికీ ఒక మనిషి పేరే శీర్షిక, ఆ మనిషి కంటికీ చెవికీ అందినదే మనకు దక్కుతుంది. 1996లో వచ్చిన మొదటి పుస్తకంలో, ముందున్న ప్రోలోగ్ వదిలేస్తే, అలాంటివాళ్లు ఎనిమిది మంది. రాజూ లేడు, రాణీ లేదు. గది తలుపు మూసుకుంటే నవల బయటే నిలబడాలి, కెమెరా మాత్రం లోపలికి వెళ్లగలదు. రెండో సీజన్‌లో హారెన్‌హాల్ కోటలో చిన్నపిల్ల ఆర్యా తానెవరో దాచుకుని, సెర్సీ తండ్రి టైవిన్‌కు వడ్డించే సీన్లు కూడా అలాంటివే. నవలలో ఆమె గిన్నె అందించేది రూస్ బోల్టన్ అనే ఇంకో ప్రభువుకు. ఆ ముసలి సింహం, ఆ పిల్ల ఎదురెదురుగా ఉన్న ఆ సీన్లంటే నాకు ప్రాణం. పుస్తకాలే ప్రమాణం అనే మీ వాళ్లు కూడా అక్కడ మెత్తబడతారు, చూడు.

ఆ తర్వాత ఆర్యా అన్న రాబ్ పెళ్లి తీసుకో. నా ఓటు నవలకే, దాచుకోను. రాబ్‌కు తన పేరుతో అధ్యాయం లేదు. అతని యుద్ధాలు మనకు ఎక్కువగా తల్లి కేట్లిన్ చెవికి చేరిన కబుర్లే. గాయపడి పడి ఉండగా తమ్ముళ్లు చనిపోయారన్న వార్త వస్తుంది. ఆ దుఃఖంలో, తనకు సేవ చేస్తున్న జేన్ వెస్టర్లింగ్‌కు దగ్గరవుతాడు. ఆ పిల్ల పరువు పోకూడదని మర్నాడే పెళ్లి చేసుకుంటాడు, వాళ్లింటి పిల్లను చేసుకుంటానని ఫ్రే వంశానికి ఇచ్చిన మాట తప్పుతాడు. అచ్చం తండ్రి కొడుకు, ధర్మమే అతని మెడకు చుట్టుకుంది. సిరీస్‌లో టలీసా అనే వైద్యం తెలిసిన అమ్మాయిని ప్రేమించి చేసుకుంటాడు. నాకది తేలికైపోయిందనిపిస్తుంది. అయితే సిరీస్ చూసినవాళ్లను అడిగి చూడు. ఫ్రేలు పగ తీర్చుకుని రాబ్‌ను చంపే పెళ్లి విందు ఉంది కదా, నవలలో జేన్ ఆ విందుకు రాదు, రివర్‌రన్‌లోనే ఉండిపోతుంది. సిరీస్‌లో టలీసా కడుపులో బిడ్డ గురించిన కలలతో అక్కడే కూర్చుని ఉంటుంది. 2013లో ఆ ఎపిసోడ్ చూసి వారం రోజులు తేరుకోలేనివాళ్లు ఉన్నారు. వాళ్లకు ఏమైందో వాళ్ల నోటనే విను. నువ్వు ఒప్పుకోకపోయినా పర్వాలేదు.

ఎవరైనా "అసలులో లేనిది కలపడమే పాపం" అని మొండికేస్తే, ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట తోలుబొమ్మలను గుర్తుచెయ్యి. ఏ రామాయణంలోనూ బంగారక్క, జుట్టుపోలిగాడు లేరు. వాళ్లు లేని తోలుబొమ్మలాటా లేదు. మా నాన్న, అంటే మీ తాత, రాముడి కన్నా ముందు వాళ్లు ఎప్పుడొస్తారా అని కూర్చునేవాడు.

స్పాయిలర్ల సంగతి. ఎవరు ఎంతవరకు చూశారో, ఎంతవరకు చదివారో ముందే కనుక్కో. సిరీస్ అంతా చూసినవాళ్ల దగ్గర దాచేదేముందిలే అనుకోకు. మూడో పుస్తకం చిట్టచివర వచ్చే ఆవిడ సిరీస్‌లో అసలు లేనే లేదు. పేరు రాయడం లేదు, ఎందుకంటే ఈ ఉత్తరం మీ అమ్మ కూడా చదువుతుంది. రేపు పుస్తకం పట్టుకుందామనుకునేవాళ్లకు ఆ పేజీలో ఒళ్లు జలదరించే హక్కు ఉంది.

చివరి సీజన్ మాట వస్తుంది, ఆపలేవు. ఐదో నవల 2011లో వచ్చింది, ఆరోది ఇంకా రాలేదు. 2016లో ఆరో సీజన్ మొదలయ్యేసరికి సిరీస్ పుస్తకాలను దాటిపోయింది. అంతవరకు "మాకు ముందే తెలుసు" అన్నవాళ్లూ, తెలియనివాళ్లూ ఒకే గట్టున పడ్డారు. మొదటి ఆరు సీజన్లకు పదేసి ఎపిసోడ్లు, ఏడోదానికి ఏడు, ఎనిమిదోదానికి ఆరే. ఆ తొందర అందరికీ మంటే. మళ్లీ తీయమని పదిహేను లక్షల మందికి పైగా సంతకాలు పెట్టారు. ఆ కోపానికి అరగంట ఇవ్వు, అంతకు మించొద్దు. కోపం మీద అందరూ ఏకమవుతారు, అందుకే అక్కడ ఎవరూ కొత్త మాట చెప్పరు.

ఈ కథకు ముందు కాలం గురించి తీసిన ఇంకో సిరీస్, హౌస్ ఆఫ్ ద డ్రాగన్, వేరే రోజు పెట్టుకోండి. దానికి మూలమైన ఫైర్ అండ్ బ్లడ్, 2018లో వచ్చింది, నవలలా కాక చరిత్రలా రాసిన పుస్తకం. ఒకే సంఘటనను పూజారి యూస్టస్ ఒకలా చెబుతాడు, విదూషకుడు మష్రూమ్ ఇంకోలా చెబుతాడు. పుస్తకమే ఒక మాట మీద లేనప్పుడు టీవీ వాళ్లు తప్పారని ఎలా తేలుస్తారు? దానికి ఒక సాయంత్రం మొత్తం కావాలి.

ఇంకొక్క మాట. మీ అమ్మ ఎనిమిది సీజన్లూ చూసింది, నీకు తెలుసో లేదో. నువ్వు హాస్టల్‌లో ఉన్నప్పుడు మధ్యాహ్నం పని ముగించుకుని, సబ్‌టైటిళ్లు ఆపి ఆపి చదువుకుంటూ చూసింది. సంక్రాంతికి వచ్చినప్పుడు నాతో ఏమందో తెలుసా: "వదినా, ఆ రాణి భయపడినప్పుడల్లా గ్లాసు అందుకుంటుంది. మొగుడంటే భయం, తండ్రంటే భయం. పైకి మాత్రం పొగరు." నవలల్లో సెర్సీ మనసు మనకు తెరుచుకునేది నాలుగో పుస్తకంలో. అంతవరకు ఆమె పేరుతో అధ్యాయమే లేదు. నాలుగో పుస్తకం దాకా చదివి నేను తెలుసుకున్నది మీ అమ్మ ఆ నటి చెయ్యి చూసి పట్టుకుంది.

మీ అమ్మకు కుర్చీ వేసి నీ పక్కన కూర్చోబెట్టుకో. ముందు "నాకేం తెలుసు" అంటుంది, వదలొద్దు. టీలు మీ నాన్న పోస్తాడు.

నేను శనివారం మధ్యాహ్నం బస్సుకు వస్తున్నాను. మూడో పుస్తకం తెస్తున్నాను, మీ అమ్మ అడిగింది. ఆమె చేతికి అందేలోపే చివర ఏముందో చెప్పేశావంటే ఊరుకోను.

ప్రేమతో,
మీ అత్త