మీ ప్రశ్నలకు జవాబులు: జాక్ లండన్

అమెరికన్ సాహస కథా రచయిత జాక్ లండన్ (1876–1916) గురించి గత సంచికలో వేసిన పరిచయ వ్యాసం చదివి పాఠకులు పంపిన ప్రశ్నలలో కొన్నింటికి ఇక్కడ జవాబులిస్తున్నాము. ఒకే విషయాన్ని పలువురు అడిగినచోట ఒక్క ఉత్తరాన్ని మాత్రమే తీసుకున్నాము.

ప్రశ్న: జాక్ లండన్ అలాస్కా మంచులో ఏళ్ల తరబడి బంగారం కోసం వెతికాడని ఎక్కడో చదివాను. మీ వ్యాసంలో ఏడాది మాత్రమే అన్నారు. ఏది నిజం? ఏడాది అనుభవంతో అన్ని కథలు ఎలా రాయగలిగాడు? – కాకినాడ పాఠకుడు

జవాబు: ఏడాది అన్నదే నిజం. 1897 జూలైలో బావగారితో కలిసి శాన్‌ఫ్రాన్సిస్కోలో ఓడ ఎక్కిన లండన్, 1898 వేసవిలో తిరుగు ప్రయాణం పట్టాడు. వయసు మళ్లిన బావగారు కొండదారిని చూసి మొదట్లోనే వెనుదిరిగాడు. మరొక సవరణ కూడా అవసరం: బంగారం దొరికిన క్లాండైక్ ప్రాంతం కెనడాలోని యూకాన్‌లో ఉంది, అలాస్కా తీరం అక్కడికి పోయే దారి మాత్రమే. ఏడాదికి సరిపడా తిండి, సరంజామా వెంట లేనివారిని కెనడా పోలీసులు సరిహద్దు దాటనిచ్చేవారు కాదు గనుక, ఒక్కొక్కరు దాదాపు టన్ను బరువును చిల్‌కూట్ కనుమ మీదుగా విడతలు విడతలుగా మోసుకుపోవలసి వచ్చేది. ఆ దారిలో చివరి 3 మైళ్లను తాను రోజుకు 4 సార్లు, ప్రతిసారీ 150 పౌండ్ల మూటతో నడిచానని ఆయన తరువాత రాసుకున్నాడు. ఖాళీ చేతులతో వెనక్కి వచ్చిన నడకను కూడా కలిపితే అది రోజుకు 24 మైళ్లు.

అంత కష్టపడి చేరినా, తవ్వకం మాత్రం పెద్దగా సాగలేదు. స్టువర్ట్ నది యూకాన్ నదిలో కలిసే చోటికి దగ్గరలో ఒక దుంగల గుడిసెలో చలికాలం గడిపాడు. గడ్డకట్టిన నేలమీద చేయగలిగిన పని తక్కువ కాబట్టి, ఆ గుడిసెలకు వచ్చిపోయే పాత గనివాళ్లు, కుక్కబండ్లవాళ్లు, వేటగాళ్లు చెప్పుకునే కబుర్లు వినడానికి కావలసినంత తీరిక దొరికింది. తాజా కూరగాయలు లేక స్కర్వీ వ్యాధి సోకి, చిగుళ్లు వాచి, పళ్లు కదలడంతో చిన్న పడవలో యూకాన్ నది వెంట సముద్రం దాకా వచ్చి ఇంటిదారి పట్టాడు. అప్పటికి ఆయన చేతిలో మిగిలిన బంగారు రజను విలువ నాలుగున్నర డాలర్లట. కథలు ఎలా వచ్చాయన్న మీ ప్రశ్నకు జవాబు ఆ గుడిసెలోనే ఉంది: తాను పడిన కష్టం కొంత, ఇతరుల నోట విన్నది చాలా. వినడం కూడా రచయితకు అనుభవమే.

ప్రశ్న: రోజుకు వెయ్యి పదాలని లెక్క పెట్టుకుని రాసేవాడట. డబ్బు కోసమే రాస్తున్నానని తానే చెప్పుకున్నాడట. అటువంటివాడిని గొప్ప రచయిత అనవచ్చునా? – హనుమకొండ పాఠకురాలు

జవాబు: లెక్క నిజమే, డబ్బు మాటా నిజమే. అయితే ఆ లెక్క ఎక్కడి నుంచి వచ్చిందో చూడకుండా తీర్పు చెప్పడం న్యాయం కాదని మా అభిప్రాయం. లండన్ ఇంకా పసివాడిగా ఉన్నప్పుడే తల్లి ఫ్లోరా, జాన్ లండన్ అనే మాజీ సైనికుడిని వివాహం చేసుకున్నది. జాక్‌కు ఇంటిపేరు ఆ మారుతండ్రి నుంచే వచ్చింది. కన్నతండ్రిగా చాలామంది భావించే జ్యోతిష్కుడు విలియం చానీ, 1897లో కొడుకు రాసిన ఉత్తరానికి జవాబుగా ఆ సంబంధాన్నే కాదన్నాడు. ఇల్లు గడవక, పదమూడు పద్నాలుగేళ్ల వయసులోనే డబ్బాల్లో ఆహారం నింపే కర్మాగారంలో గంటకు 10 సెంట్ల కూలికి చేరాడు. దానినుంచి తప్పించుకోవడానికి, తనకు పాలిచ్చి పెంచిన దాది వర్జీనియా ప్రెంటిస్ దగ్గర 300 డాలర్లు అప్పు తీసుకుని చిన్న పడవ కొని, శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతంలో రాత్రిపూట ఇతరుల మడుల్లో ఆల్చిప్పలు దొంగిలించాడు. కొన్నాళ్లకు అటువంటి దొంగలను పట్టే గస్తీ దళంలోనే చేరాడు! పదిహేడేళ్లకు సీల్ జంతువుల వేట ఓడలో జపాన్ దాకా వెళ్లి వచ్చాడు. ఆ ప్రయాణంలో చూసిన తుపాను మీద రాసిన వ్యాసానికి 1893లో ఒక పత్రిక 25 డాలర్ల ప్రథమ బహుమతి ఇచ్చింది. అదే ఏడాది జూట్ మిల్లులో కూడా ఆయనకు దొరికిన కూలి గంటకు 10 సెంట్లే.

ఆ తరువాత విద్యుత్ కేంద్రంలో బొగ్గు ఎత్తే పనిలో నెలకు 30 డాలర్లకు చేరాడు. చేతులు వాచి, మణికట్లకు పట్టీలు కట్టుకుని పనిచేసిన కొన్నాళ్లకు తెలిసిన సంగతి ఏమంటే, అంతకుముందు నెలకు 40 డాలర్ల చొప్పున ఇద్దరు చేసిన పనిని యాజమాన్యం ఆయన ఒక్కడిచేత చేయిస్తున్నది. గొడ్డు చాకిరీ చేసి ఒళ్లు అరిగిపోయాక వీధిన పడే బతుకు తనకు వద్దని అనుకున్న మనిషి, కండలకు బదులుగా మెదడును అమ్ముకోవాలని నిశ్చయించుకున్నాడు. ఓక్లండ్ గ్రంథాలయంలో చిన్ననాడు ఇనా కూల్‌బ్రిత్ అనే కవయిత్రి పుస్తకాలు ఎంచి ఇచ్చినప్పటి నుంచి చదువు మీద ఆశ ఉన్నా, బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో ఆయన చదువు కొద్ది నెలలకే ఆగిపోయింది. క్లాండైక్ నుంచి వచ్చాక సైకిలు, కోటు తాకట్టు పెట్టి తపాలా బిళ్లలు కొని కథలు పంపాడు. వందలాది తిరస్కారాలు వచ్చాయి. క్లాండైక్ నేపథ్యంతో రాసిన తొలి కథకు ఓవర్‌లాండ్ మంత్లీ పత్రిక 1899లో ఇచ్చినది 5 డాలర్లే. అంతకుముందే ఆయన తపాలా శాఖ ఉద్యోగం కోసం పరీక్ష కూడా రాశాడు. కాబట్టి వెయ్యి పదాల నియమం కార్మికుడు తనకు తానే విధించుకున్న పనిగంట. దాని ఫలితంగా 50కి పైగా పుస్తకాలు వచ్చాయి. వాటిలో అచ్చంగా అప్పులు తీర్చడానికి రాసినవి కూడా ఉన్నాయి, అవి చదువుతుంటే ఆ సంగతి తెలిసిపోతుంది. కథావస్తువులు కరవై, అప్పటికి పేరు రాని సింక్లెయిర్ లూయిస్ అనే యువకుడి వద్ద కొన్నింటిని డబ్బిచ్చి కొన్నాడు కూడా. అయినా మేలైన డజను రచనలు చాలు, మీ ప్రశ్నకు అవునని చెప్పడానికి.

ప్రశ్న: ‘ది కాల్ ఆఫ్ ది వైల్డ్’ వల్ల ఎంత సంపాదించాడు? అందులోని బక్ నిజమైన కుక్కేనా? – ఖమ్మం విద్యార్థి

జవాబు: పత్రికలో ధారావాహికగా వేసినందుకు 750 డాలర్లు వచ్చాయి. పుస్తక హక్కులను మాక్‌మిలన్ సంస్థకు 2,000 డాలర్లకు పూర్తిగా అమ్మేశాడు. 1903లో వెలువడిన ఆ పుస్తకం విపరీతంగా అమ్ముడైనా దానిపై ఆయనకు రాయల్టీ రాలేదు. దానివల్ల వచ్చిన పేరు మాత్రం తరువాతి పుస్తకాలకు మంచి ధర తెచ్చింది. బక్‌కు ప్రేరణ, క్లాండైక్ ప్రాంతపు పట్టణమైన డాసన్‌లో బాండ్ సోదరుల వద్ద ఆయన చూసిన కుక్క. వారి తండ్రి న్యాయమూర్తి. కథ మొదట్లో వచ్చే న్యాయమూర్తి తోట ఆయన ఇంటి పోలికలతోనే ఉంటుంది.

ప్రశ్న: సోషలిస్టునని చెప్పుకున్నవాడు జాతి దురహంకారి ఎలా అయ్యాడు? – గుంటూరు పాఠకుడు

జవాబు: రెండూ ఒకే మనిషిలో ఉన్నాయి, ఒకదానితో మరొకదాన్ని కప్పిపుచ్చడం కుదరదు. 1894లో నిరుద్యోగుల యాత్రతో బయలుదేరి, దాన్ని విడిచి దేశదిమ్మరిగా తిరుగుతూ, నయాగరా దగ్గర పట్టుబడి, సరైన విచారణ కూడా లేకుండా 30 రోజులు జైలులో ఉన్నాడు. అక్కడ చూసినదే తనను సోషలిస్టును చేసిందని చెప్పుకున్నాడు. ఓక్లండ్ మేయర్ పదవికి రెండుసార్లు పోటీ చేసి ఓడిపోయాడు. 1902లో లండన్ నగరపు ఈస్ట్ ఎండ్ పేదల మధ్య మారువేషంలో గడిపి రాసిన ‘ది పీపుల్ ఆఫ్ ది అబిస్’, నియంతృత్వాన్ని ముందే ఊహించిన ‘ది ఐరన్ హీల్’ (1908) ఆ విశ్వాసానికి సాక్ష్యాలు. కానీ ఆసియావాసుల గురించి, నల్లజాతివారి గురించి ఆయన రాసిన వాక్యాలు కొన్ని నేడు చదవలేము. 1908లో సిడ్నీలో జాక్ జాన్సన్ ప్రపంచ బాక్సింగ్ విజేత అయినప్పుడు, అతడిని ఓడించడానికి తెల్లవాడు రావాలని పత్రికలో పిలుపునిచ్చాడు. ఇలా రాసినవాడు వర్జీనియా ప్రెంటిస్ అనే నల్లజాతి స్త్రీ పాలు తాగి, ఆమె ఇచ్చిన అప్పుతో తొలి పడవ కొన్నవాడని గుర్తుంచుకోవాలి. విచిత్రమేమంటే, ‘ది మెక్సికన్’, ‘కూలౌ ది లెపర్’ వంటి కథల్లో మాత్రం ఆయన సానుభూతి పూర్తిగా అణచివేతకు గురైనవారి వైపే ఉంటుంది. వ్యాసకర్తకన్నా కథకుడు ఎదిగినవాడని మేము భావిస్తాము.

ప్రశ్న: ఆయనది ఆత్మహత్యేనా? – చెన్నై పాఠకురాలు

జవాబు: మరణ ధ్రువపత్రంలో ఉన్నది మూత్రపిండాల వ్యాధి. 1916 నవంబరు 22న, నలభయ్యేళ్ల వయసులో, కాలిఫోర్నియాలోని గ్లెన్ ఎలెన్ వద్ద తన వ్యవసాయ క్షేత్రంలో మరణించాడు. నొప్పికి మార్ఫిన్ వాడుతుండటం, ‘మార్టిన్ ఈడెన్’ (1909) నాయకుడు ఆత్మహత్య చేసుకోవడం వల్ల ఆ ప్రచారం పుట్టి, 1938లో వచ్చిన ఒక జీవితచరిత్రతో బలపడింది. ‘స్నార్క్’ అనే సొంత పడవలో 1907లో దక్షిణ సముద్రాలకు వెళ్లి జబ్బుపడినప్పుడు, పుండ్లకు వాడిన పాదరసపు మందు మూత్రపిండాలను పాడుచేసి ఉండవచ్చునని పలువురు అభిప్రాయపడ్డారు. మద్యం సంగతి ఆయనే ‘జాన్ బార్లీకార్న్’లో దాపరికం లేకుండా రాశాడు. వీటిముందు ఆత్మహత్య కథనం బలహీనమైనది.

ప్రశ్న: ఏ పుస్తకంతో మొదలుపెట్టమంటారు? – విజయనగరం పాఠకుడు

జవాబు: నవలతో కాదు, ‘టు బిల్డ్ ఎ ఫైర్’ అనే కథతో. 1902లో పిల్లల పత్రికకు రాసిన మొదటి రూపంలో, ఒంటరిగా బయలుదేరిన యువకుడు మంట రాజేసుకుని ప్రాణాలతో బయటపడతాడు. 1908 నాటి రెండవ రూపంలో ఆ మనిషికి పేరు కూడా లేదు. వెంట ఒక కుక్క ఉంది, మంట ఆరిపోతుంది. ఈ రెండింటినీ వరుసగా చదివితే, ఆరేళ్లలో ఆయన చేతిపని ఎంత పదునెక్కిందో తెలుస్తుంది. ఆ తరువాత ‘ది కాల్ ఆఫ్ ది వైల్డ్’, ‘మార్టిన్ ఈడెన్’ చదవండి. ‘ది సీ వుల్ఫ్’ (1904) మొదటి సగం అద్భుతం. ఓడ మీదికి నాయిక వచ్చిన తరువాతి భాగంలో మాత్రం కాస్త ఓపిక అవసరం.