పెట్టె ఉంది, నెక్లెస్ లేదు

ఒకావిడ రాసిన ఉత్తరం క్లుప్తంగా ఇదీ. పెళ్లై ఏడేళ్లు, ఒక పాప. భర్తది ప్రైవేటు ఉద్యోగం, మందు, సిగరెట్టు అలవాట్లు లేవు. ఏడాదిగా ఫోన్ బోర్లా పెడుతున్నాడు, బాత్‌రూములో అరగంట కూర్చుంటున్నాడు, చీటీ పాడిన డబ్బు ఏమైందంటే కసురుతున్నాడు. మొన్న బీరువా తెరిస్తే నెక్లెస్ పెట్టె ఉంది, అందులో నెక్లెస్ లేదు. పాలిష్‌కి ఇచ్చానన్నాడు. అత్తగారేమో "తాగుడా, తిరుగుడా? ఏదో క్రికెట్ సరదా. నువ్వే అనుమానం పక్షివి" అంటున్నారట. ఇది బెట్టింగు వ్యసనమేనా, నాదే అనుమానమా అని ఆవిడ ప్రశ్న.

చూడమ్మా, మీది అనుమానం కాదు. మందైతే వాసన వస్తుంది, మనిషి తూలతాడు, వీధి వీధంతా తెలుస్తుంది. బెట్టింగుకి వాసన ఉండదు, అందుకే చాలా ఇళ్లలో అప్పులవాడు గుమ్మం ముందు నిలబడ్డాకే సంగతి బయటపడుతుంది.

మీ ఉత్తరంలో నాకు గట్టిగా తగిలింది నెక్లెస్ కూడా కాదు. "తెల్లవారుజామున లేచి వెస్టిండీస్‌లో జరిగే ఏదో లీగ్ చూస్తుంటాడు, ఆ టీముల పేర్లు కూడా నాకు తెలీవు" అని మధ్యలో ఒక ముక్క రాశారే, అది. క్రికెట్ పిచ్చి ఉన్నవాడు ఇండియా ఓడితే అన్నం మానేస్తాడు, మర్నాటికి మామూలైపోతాడు. డబ్బు పెట్టినవాడు టీమ్ గెలుస్తున్నా సరే ఒక్క నోబాల్ పడితే సోఫా మీద గుద్దుతాడు, ఎందుకంటే ఇప్పుడు పందెం మ్యాచ్ ఎవరు గెలుస్తారన్న దాని మీదే కాదు, ఈ ఓవర్లో ఎన్ని పరుగులొస్తాయన్న దాని మీద కూడా కాస్తారు. స్కోరుకీ ఆయన ముఖానికీ పొంతన ఉందో లేదో నాలుగు రోజులు గమనించండి. ఇంకోటి, కారణం లేకుండా మీకు చీర, పాపకి బొమ్మలు, అందరికీ బిర్యానీ వచ్చిన రోజులు గుర్తు చేసుకోండి. అవి డబ్బులొచ్చిన రోజులై ఉండొచ్చు.

డాక్టర్లు వాడే చిన్న పరీక్ష ఒకటుంది, రెండే ప్రశ్నలు. ఇంకా ఇంకా ఎక్కువ డబ్బు పెట్టాలని ఎప్పుడైనా అనిపించిందా? ఎంత ఆడుతున్నావో నీకు ముఖ్యమైనవాళ్ల దగ్గర అబద్ధం చెప్పాల్సి వచ్చిందా? ఒక్కదానికి అవునన్నా డాక్టరు పూర్తిగా పరీక్షించాల్సిందే. పాలిష్ కథ రెండో ప్రశ్నకి జవాబులాగే ఉంది. అసలు గుర్తు మాత్రం, పోయిన డబ్బు రాబట్టుకోవడానికే మళ్లీ ఆడటం. "ఈ ఒక్క మ్యాచ్‌తో అన్నీ తీర్చేస్తా" అన్న మాట మీ ఇంట్లో వినబడిందా?

ఇప్పుడు మీకు నచ్చని మాట చెప్తాను. అప్పు తీర్చకండి. పుట్టింటి నుంచి తేవద్దు, పొలం అమ్మించొద్దు. నేనూ కొత్తలో "ముందు టెన్షన్ తీరనివ్వండి, బాకీలు కట్టేయండి" అని ఒక తండ్రికి సలహా ఇచ్చినవాణ్ణే. ఆయన మామిడి తోటలో సగం అమ్మి కట్టాడు, నాలుగు నెలలు తిరక్కుండా ఆ కొడుకు మళ్లీ మొదలెట్టాడు. తప్పు నాది. బాకీ తీరిపోయిందంటే వాళ్లకి మళ్లీ అప్పు పుట్టే దారి తెరుచుకుందని అర్థం. చికిత్స మొదలయ్యాక, మొత్తం బాకీల జాబితా (చేబదుళ్లు, క్రెడిట్ కార్డులు, లోన్ యాప్‌లు, ఖాళీ చెక్కులు, ప్రామిసరీ నోట్లు) ఆయన చేత్తో రాయించి, ఆయన జీతం నుంచే, కానీ మీ చేతుల మీదుగా వాయిదాలు కట్టించండి. బ్యాంకు, ఫైనాన్స్ అప్పుల వివరాలుండే క్రెడిట్ రిపోర్టు ఏడాదికోసారి ఉచితంగా ఇస్తారు, ఆయన చేతే తీయించి జాబితాతో సరిచూడండి. మొదటి జాబితా ఎప్పుడూ పూర్తిగా ఉండదు! ఈలోగా మిగిలిన బంగారం మీ పేరు మీద లాకర్లో పెట్టండి, మీ ఓటీపీలు ఆయనకి చెప్పకండి, పిన్ మార్చేయండి, ఎక్కడా హామీ సంతకం పెట్టకండి. లోన్ యాప్ వాళ్లు ఫోటోలు మార్ఫింగ్ చేస్తామని బెదిరిస్తే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఒక విషయంలో మాత్రం క్షణం ఆలస్యం చేయొద్దు. "నేను లేకపోతే మీరు బాగుంటారు", "ఇన్సూరెన్స్ డబ్బులొస్తాయిలే" లాంటి మాటలంటే బెదిరింపనుకుని కొట్టిపారేయకండి. జూదం అప్పుల్లో ఉన్నవాళ్లలో ఆత్మహత్య ముప్పు నిజంగా ఎక్కువ. ఆ రాత్రి ఒంటరిగా వదలకండి, ఇంట్లో పురుగుమందు, నిద్రమాత్రలు ఉంటే తీసేయండి, 14416కి ఫోన్ చేయండి. అది టెలిమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

వైద్యం ఉంది. ఇది మానసిక జబ్బేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా తన జబ్బుల జాబితాలో చేర్చింది. కౌన్సెలింగ్ ప్రధానం, కొందరికి మందులూ ఇస్తారు. హైదరాబాద్ ఎర్రగడ్డలోనూ విశాఖలోనూ ప్రభుత్వ మానసిక ఆసుపత్రులున్నాయి. 2025 ఆగస్టులో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని దేశమంతటా నిషేధిస్తూ పార్లమెంటు చట్టం చేశాక, డాక్టరు దగ్గరికెళ్తే పోలీసులకి చెప్తారేమోనని కొందరు జంకుతున్నారు. ఆ చట్టం శిక్షించేది ఆటలు నడిపేవాళ్లని, ప్రచారం చేసేవాళ్లని, వాటికి డబ్బు చెల్లింపులు సమకూర్చే బ్యాంకుల్లాంటి సంస్థలని. పైగా రోగి వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య చట్టం చెప్తోంది. నిషేధంతో ఆట ఆగిపోయిందని మాత్రం అనుకోకండి, టెలిగ్రామ్‌లో ఎవడో ఒకడు పందెం కాయడానికి ఐడీ ఇస్తూనే ఉంటాడు.

మాట్లాడేది మ్యాచ్ నడిచేటప్పుడు కాదు, అత్తగారి ముందూ కాదు. పాప బడికెళ్లిన పొద్దున పూట ఖాళీ పెట్టె ఆయన ముందు పెట్టి, "ఎంత బాకీ ఉందో నాకు తెలియాలి. తిట్టను, కట్టను కూడా. డాక్టరు దగ్గరికి ఇద్దరం వెళ్దాం" అనండి. అరుస్తాడు, ఒట్టేస్తాడు, రెండు రోజులు మాట్లాడడు. ఒట్టుని అపాయింట్‌మెంట్ కింద లెక్కేసుకోకండి. రానంటే మొదటిసారి మీరొక్కరే వెళ్లండి, ఇంట్లోవాళ్లు ఒంటరిగా వచ్చినా డాక్టర్లు మాట్లాడతారు.