కేక్ పాప్స్ ఆర్డర్లను నమ్ముకుని డిగ్రీ మానేయవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి ఈ ఏడాదే ఇంటర్ పూర్తి చేసింది. ఇంట్లో కేకులు బాగా చేస్తుంది. పెళ్లిళ్లకు, నిశ్చితార్థాలకు కేక్ పాప్స్ (పుల్లకు గుచ్చి చాక్లెట్ పూత వేసే కేక్ ఉండలు) చేసి అమ్ముతాను, డిగ్రీ వద్దంటోంది. మాది భీమవరం. ఇది బతుకుదెరువు అవుతుందా? – ఒక తల్లి

జవాబు: పని నేర్చుకోనివ్వండి, చదువు మాత్రం మానిపించకండి. ఇబ్బందంతా పంచాంగంతోనే. ఆషాఢం, భాద్రపదం, పుష్యం పోగా, మధ్యలో మూఢం వస్తే అదీ పోగా, మిగిలిన ముహూర్తాలే మీ సీజను. మాఘంలో ఒకే రోజుకి ముగ్గురు అడుగుతారు, ఒక్క మనిషి ఒక ఆర్డరే చేయగలదు. ఆ తర్వాత వారాల తరబడి ఖాళీ. పుట్టినరోజు కేకులు, బ్రౌనీలు పక్కన ఉంటేనే ఈ పని నిలుస్తుంది.

ఇక ఇంట్లో పది పాప్స్ చేయడం వేరు, వంద ఒకే సైజులో, ఒకే రంగులో, మండపంలో సాయంత్రం దాకా చెక్కుచెదరకుండా నిలిచేలా చేయడం వేరు. వందకి సుమారు రెండు కిలోల స్పాంజ్ కేక్ పొడి, 450 గ్రాముల గనాష్ (చాక్లెట్, క్రీమ్ కలిపిన ముద్ద) కావాలి. ఒక్కో ఉండ పాతిక గ్రాముల దగ్గర ఉండాలి, ప్రతిదీ కాటాలో తూచాల్సిందే. 35 గ్రాములు దాటితే పుల్ల మీద నిలవదు. గనాష్ ఒకేసారి పోసేయకూడదు. పొడిని సున్నుండ పట్టినట్టు పిడికిట్లో నొక్కితే విడిపోకుండా నిలవాలి, అరచేతికి జిడ్డు అంటకూడదు. అంటిందంటే గనాష్ ఎక్కువైనట్టే. ఆ ఉండ మెత్తబడి పుల్ల వెంట జారుతుంది, పైపూత లోంచి నూనె చుక్కలు కూడా వస్తాయి. బేకరీల్లో వాడే విప్డ్ క్రీమ్ కలపనివ్వకండి. తడి ఎక్కువ, మన ఎండల్లో త్వరగా పులుస్తుంది.

అసలు పరీక్ష ఉండను చాక్లెట్‌లో ముంచడంలో ఉంది. కొత్తలో కాంపౌండ్ చాక్లెట్ (కోకో బటర్ బదులు వేరే కొవ్వుతో చేసేది) చాలు. అసలైన కోకో బటర్ చాక్లెట్ అయితే కరిగించి, చల్లార్చి, మళ్లీ కొద్దిగా వేడిచేసే టెంపరింగ్ చేయాలి, అది తర్వాత నేర్చుకోవచ్చు. కాంపౌండ్‌ని మైక్రోవేవ్‌లో సగం పవర్ మీద 30 సెకన్ల చొప్పున కరిగించి, ప్రతిసారీ కలపాలి. తెల్లదైతే ఇంకా జాగ్రత్త, వేడెక్కితే ముద్దకడుతుంది. ఒక్క నీటి చుక్క పడ్డా అంతే, అందుకే నీళ్లలో కలిసే రంగులు పనికిరావు, చాక్లెట్ కోసం అమ్మే ఆయిల్ కలర్లే తెచ్చుకోవాలి. చిక్కగా ఉంటే పావుకిలోకి ఒక టీస్పూన్ వాసన లేని రిఫైన్డ్ కొబ్బరినూనె కలపొచ్చు.

పుల్ల కొసను కరిగిన చాక్లెట్‌లో ముంచి ఉండలో సగం దాకా గుచ్చాలి, అది గట్టిపడ్డాకే ఉండను నిటారుగా దించి, ఒక్కసారే పైకి తీయాలి. పుల్లా ఉండా కలిసే చోట పూత మూసుకుపోయిందో లేదో చూడాలి, సందు ఉంటే లోపలి నూనె అక్కడినుంచే కారుతుంది. ఎక్కువైనది దులపడానికి పాప్‌ని గిన్నె అంచుకి కొట్టకుండా, పుల్ల పట్టుకున్న చేతి మణికట్టు మీద రెండో చేత్తో మెల్లగా తట్టాలి. ఆరడానికి థర్మోకోల్ దిమ్మలో గుచ్చి పెడితే చాలు.

పూత పగుళ్లు ఎందుకొస్తాయని చాలామంది తల పట్టుకుంటారు. ఫ్రిజ్‌లోంచి తీసిన ఉండ వెంటనే వేడి చాక్లెట్‌లో పడితే పైపూత చప్పున బిగుసుకుంటుంది, లోపలి ఉండ వేడెక్కి ఉబ్బుతుంది, పూత చీలుతుంది. పది నిమిషాలు బయట ఉంచి ముంచితే చాలా వరకు తగ్గుతుంది. భీమవరం గాలిలో తేమతో ఇంకో తంటా ఉంది. అలంకరించిన పాప్స్‌ని ఫ్రిజ్‌లోంచి తీసి మూత తెరిస్తే చెమటపట్టి రంగులు కారతాయి. డబ్బా మూత తీయకుండా గది వేడికి రానివ్వాలి. వేసవిలో ఆరుబయట పగటి పెళ్లికి ఆర్డర్ వద్దనడమే మేలు, కాంపౌండ్ ఆ ఎండకి నిలవదు. హాలు ఏసీదా, ఎన్ని గంటలకు బల్ల మీద పెడతారు అని ముందే అడగాలి.

అలంకరణ సంగతి: పెళ్లికూతురు, పెళ్లికొడుకు పేర్ల మొదటి అక్షరాలు, మామిడిపిందె ముగ్గు, స్టేజి పువ్వుల రంగుకి సరిపడే పూత, ఇవి చాలు. పైపూత తెలుపైతే లోపల రెడ్ వెల్వెట్ (ఎర్రటి కేక్) పెట్టకూడదు, రంగు బయటికి కనిపిస్తుంది. బంగారు పొడి డబ్బా మీద తినదగినదని స్పష్టంగా రాసి ఉండాలి, ‘విషరహితం’ అని మాత్రమే ఉన్నది తినడానికి కాదు. గుడ్డు వేస్తే ముందే చెప్పాలి, ఆహార లేబుల్ నిబంధనల్లో గుడ్డు మాంసాహారం కింద లెక్క.

ధర దగ్గరే ఎక్కువమంది మోసపోతారు. వందకి కాల్చడం, ఉండలు చుట్టడం, ముంచడం, అలంకరణ కలిపి కనీసం పది గంటలు. గంటకి 150 చొప్పున కూలి వేసుకుంటే 1,500, అంటే ఒక్కోదానికి 15 రూపాయలు కూలే. దాని మీద సరుకు, పుల్లలు, డబ్బా, రవాణా, పదింట ఒకటి పాడవుతుందన్న లెక్క. సగం సొమ్ము అడ్వాన్సుగా తీసుకోకుండా పిండి తడపొద్దనండి. ఇంటి నుంచి అమ్మినా ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) రిజిస్ట్రేషన్ తప్పదు, వాళ్ల ఫాస్కాస్ (FoSCoS) పోర్టల్‌లో చేసుకోవచ్చు.

చదువు విషయానికొస్తే, మామూలు డిగ్రీ మీద మనసు లేకపోతే బలవంతం చేయకండి. ఐటీఐల్లో బేకర్ అండ్ కన్ఫెక్షనర్ ట్రేడు ఏడాది, పదో తరగతి చాలు. హోటల్ మేనేజ్‌మెంట్ సంస్థల్లో బేకరీ డిప్లొమా ఏడాదిన్నర, దానికి ఇంటర్ ఉంది కదా. అవి చేస్తే ముహూర్తాలు లేని నెలల్లో హోటల్ బేకరీ ఉద్యోగం దొరుకుతుంది.

వచ్చే ఆషాఢం ఎలాగూ ఖాళీయే కాబట్టి, వంద పాప్స్ ప్రయత్నం అప్పుడే చేయించండి. చేసి ఆరు గంటలు బల్ల మీద ఉంచి, ఎన్ని పగిలాయో, ఎన్ని జారాయో రాసిపెట్టమనండి. పదికి లోపు ఉంటే శ్రావణంలో మొదటి ఆర్డర్ తీసుకోవచ్చు, అదీ యాభైకి మించకుండా.