రీస్టార్ట్ చేసినా బీప్ పోకుండా ఉండాలంటే

లైనక్స్ పెట్టిన పాత డెస్క్‌టాప్‌లో బీప్ ఒకరోజు మోగుతోంది, రీస్టార్ట్ చేస్తే మోగడం లేదు, ఏం చేయాలని అడిగారు. ఒడిశాలోని పర్లాకిమిడిలో మా మేనమామ మెడికల్ షాపులో మాకూ ఇదే జరిగింది.

2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి మా వైపు రోజుల తరబడి కరెంటు లేదు. ఇన్సులిన్‌ని 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. ఫ్రిజ్‌లో ఉన్నదంతా పారేయాల్సి వచ్చింది. ఆ తర్వాత నేను పాత కంప్యూటర్‌లో ఉబుంటు అనే లైనక్స్ పెట్టి, ఫ్రిజ్‌లో యూఎస్‌బీ సెన్సర్ ఉంచి, 8 డిగ్రీలు దాటితే బీప్ కొట్టేలా చిన్న స్క్రిప్ట్ రాశాను. ఆ కంప్యూటర్‌కి మానిటర్ లేదు, విడిగా స్పీకర్లు లేవు, మదర్‌బోర్డుకి తగిలించిన చిన్న బజర్ (పీసీ స్పీకర్) ఒక్కటే ఉంది. మామయ్య వాళ్లు ఉండేది షాపు వెనకే కాబట్టి బీప్ చాలనుకున్నాం.

పెట్టిన రోజు బాగానే మోగింది. రెండు నెలలకి ఒక రాత్రి కరెంటు పోయి, యూపీఎస్ కూడా అయిపోయింది. కరెంటు వచ్చాక కంప్యూటర్ ఆన్ అయింది కానీ, స్టెబిలైజర్ కట్ అయి ఫ్రిజ్ ఆగిపోయింది. స్క్రిప్ట్ నడుస్తూనే ఉంది, బీప్ మాత్రం లేదు. పొద్దున్న చూస్తే లోపల 19 డిగ్రీలు.

కారణం ఇది. ఆ బజర్‌ని నడిపే కెర్నల్ మాడ్యూల్ (లైనక్స్‌లో డ్రైవర్ లాంటిది) పేరు పీసీఎస్‌పీకేఆర్. ఉబుంటు దాన్ని బ్లాక్‌లిస్ట్‌లో, అంటే దానంతట అది ఎక్కకూడని వాటి జాబితాలో, పెట్టి ఇస్తుంది. నేను మాడ్యూళ్లని ఎక్కించే మోడ్‌ప్రోబ్ కమాండ్‌తో చేత్తో ఎక్కించాను. పేరు చెప్పి ఎక్కిస్తే బ్లాక్‌లిస్ట్ అడ్డు రాదు, అందుకే ఆ రోజు మోగింది. రీస్టార్ట్‌తో అది పోయింది. ఆన్ అయ్యేటప్పుడు ఎక్కించాల్సిన మాడ్యూళ్ల జాబితా ఉండే మాడ్యూల్స్-లోడ్ ఫోల్డర్‌లో ఆ పేరు రాస్తే చాలని చాలామంది అంటారు. చాలదు. కంప్యూటర్ ఆన్ అయ్యాక అన్నిటినీ మొదలుపెట్టే సిస్టమ్‌డీ ఆ జాబితా చదివేటప్పుడు బ్లాక్‌లిస్ట్‌ని గౌరవిస్తుంది. సెట్టింగులు ఉండే ఎట్సీ ఫోల్డర్‌లో మోడ్‌ప్రోబ్ ఫోల్డర్ మొత్తం వెతికి, పీసీఎస్‌పీకేఆర్‌ని బ్లాక్‌లిస్ట్ చేసిన లైను ముందు హాష్ గుర్తు (#) పెట్టండి, అప్పుడు ఆ లైను పనిచేయదు. ఒకటి కంటే ఎక్కువ ఫైళ్లలో ఉండొచ్చు. తర్వాత మాడ్యూల్ దానంతట అదే ఎక్కుతుంది.

అయితే దీనికంటే ముందు చూడాల్సింది హార్డ్‌వేర్. కంప్యూటర్ ఆన్ చేయగానే ఒక చిన్న బీప్ వస్తే బజర్ బాగున్నట్టే. రాకపోతే మదర్‌బోర్డు మీద స్పీకర్ అని రాసి ఉన్న పిన్నుల దగ్గర బజర్ ఉందో లేదో చూడండి, కొత్త కేబినెట్లలో చాలావాటికి ఇవ్వడం లేదు. లాప్‌టాప్ అయితే సాధారణంగా ఆ శబ్దం ఆడియో చిప్ మీదుగా వెళ్తుంది, శబ్దం సరిచేసే ఆల్సామిక్సర్ ప్రోగ్రామ్‌లో బీప్ అనే చానల్ మ్యూట్‌లో ఉండొచ్చు.

ఇంకో విషయంలో నేను రెండు రోజులు పోగొట్టుకున్నాను. ఇంటి నుంచి నా లాప్‌టాప్‌లో ఎస్‌ఎస్‌హెచ్‌తో (దూరం నుంచి వేరే కంప్యూటర్‌లోకి వెళ్లే పద్ధతి) షాపు కంప్యూటర్‌లోకి ఎక్కి, బెల్ అక్షరం (తెరమీద కనపడకుండా శబ్దం చేయమని చెప్పే అక్షరం) పంపితే శబ్దం వచ్చింది, షాపులో మోగిందనుకున్నాను. మోగింది నా లాప్‌టాప్. ఆ అక్షరం టెర్మినల్‌కి (మనం కమాండ్లు కొట్టే విండో) చేరుతుంది, టెర్మినల్ ఎక్కడుంటే శబ్దం అక్కడే. పైగా క్రాన్‌లో (చెప్పిన టైముకి పనులు నడిపేది) నడిచే స్క్రిప్ట్‌కి టెర్మినలే ఉండదు. కాబట్టి బీప్ అనే ప్రోగ్రామ్ వాడండి, 1.4 లేదా ఆ తర్వాతి వెర్షన్. పాత పోస్టుల్లో దానికి రూట్ సెట్‌యూఐడీ (ఎవరు నడిపినా అడ్మిన్ హక్కులతో నడిచేలా చేసే సెట్టింగ్) ఇమ్మని ఉంటుంది, దయచేసి అలా చేయకండి. 2018లో అలా పెట్టినవాళ్లకే ప్రమాదమైన భద్రతా లోపం బయటపడింది. కొత్త వెర్షన్ సుడోతో (అడ్మిన్‌గా నడిపే కమాండ్) నడవనే నడవదు. పీసీ స్పీకర్ అనే ఇన్‌పుట్ డివైస్‌ని ఒక విడి గ్రూపుకి ఇచ్చేలా యూడెవ్ రూల్ (ఏ డివైస్‌ని ఎవరు వాడొచ్చో చెప్పే ఫైల్) రాసి, స్క్రిప్ట్ నడిపే యూజర్‌ని ఆ గ్రూపులో చేర్చండి. సులువని ఇన్‌పుట్ గ్రూపులో చేరిస్తే ఆ యూజర్ కీబోర్డు నొక్కులు కూడా చదవగలడు.

అన్నీ చేశాక ప్లగ్ తీసి మళ్లీ పెట్టి, ఎవరూ లాగిన్ కాకుండా మోగుతుందో లేదో చూడండి. మామూలు రీస్టార్ట్‌తో సరిపెట్టొద్దు.

మా షాపులో రోజూ పొద్దున్న 8 గంటలకి అదే యూజర్, అదే స్క్రిప్ట్ మూడు బీప్‌లు కొడుతుంది. అవి వినపడకపోతే మామయ్య నాకు ఫోన్ చేస్తారు. మదర్‌బోర్డు మార్చిన మర్నాడు అలాగే చేశారు, తీసిన బజర్‌ని తిరిగి పెట్టలేదని తెలిసింది. మీ మిషన్ ఆన్ చేసినప్పుడు మొదటి బీప్ వస్తోందో లేదో చెప్పండి, మిగతాది అక్కడి నుంచి చూద్దాం.