పాప రాజోలులో, దరఖాస్తు కెనడాలో

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. మా ఆయన 2021 ఆగస్టులో స్టడీ పర్మిట్ మీద కెనడా వెళ్లారు. చదువయ్యాక వర్క్ పర్మిట్ మీద అక్కడే ఉద్యోగం చేస్తున్నారు. బాబును తీసుకుని నేను 2023 సెప్టెంబరులో వెళ్లాను. పాపకు కూడా టికెట్ కొనే స్తోమత అప్పట్లో లేక మా అమ్మ దగ్గర ఉంచాను. ఆ రెండేళ్లూ నేను ఏడవని రాత్రి లేదు. నెలనెలా డబ్బు పంపాను, రసీదులన్నీ దాచాను. 2025 డిసెంబరులో పాపను కూడా తెచ్చుకున్నాం. బాబుకు పదకొండేళ్లు, పాపకు ఎనిమిది. కెనడా ప్రభుత్వం పిల్లలకిచ్చే చైల్డ్ బెనిఫిట్ నేను వచ్చి పద్దెనిమిది నెలలు నిండితేగానీ రాదని తెలిసినవాళ్లు చెప్పారు. తర్వాత పీఆర్ (శాశ్వత నివాస హోదా) వస్తేనే అన్నారు. పీఆర్ ఇంకా రాలేదు, అందుకని ఊరుకున్నాను. ఇప్పుడొక కన్సల్టెంట్, పిల్లలిద్దరూ 2023 నుంచే మా దగ్గరున్నట్టు రాస్తానని, పాపకు పాత తేదీతో టీసీ తెప్పించమని అంటున్నాడు. వచ్చినదాంట్లో ఐదో వంతు అతనికివ్వాలట. ఫారం మీద ఇంకా సంతకం పెట్టలేదు. బడి పిల్లల తల్లులకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం కింద పాపకు 2025 జూన్‌లో 13 వేలు నా అకౌంట్లో పడ్డాయి. కన్నతల్లిని నేనే కదా, ఇద్దరి డబ్బూ నాకు రాదా?

జవాబు: కన్నతల్లి మీరేనమ్మా. దాన్నెవరూ కాదనరు, కానీ దానివల్ల మీ కేసుకు ఒరిగేదీ లేదు. కెనడా చైల్డ్ బెనిఫిట్ చట్టం చూసేది ఒక్కటే: ఏ నెలలో ఏ బిడ్డ ఎవరింట్లో ఉంది, ఎవరు పెంచుతున్నారు? ఎవరు కన్నారు, ఎవరు డబ్బు పంపారు, ఎవరెంత ఏడ్చారు అన్నది లెక్కలోకి రాదు. అందుకే బాబు సంగతి వేరు, పాప సంగతి వేరు. రెండూ కలిపారో, ఉన్నదీ పోతుంది, ఉంచుకున్నదీ పోతుంది.

ముందు బాబు. ఇక్కడ మిమ్మల్ని మందలించాల్సిందే. తెలిసినవాళ్ల మాట విని రెండేళ్లు కూర్చున్నారు గానీ, ప్రభుత్వం వాళ్ల సొంత వెబ్‌సైటు ఒక్కసారి తెరిచి చూడలేదు. పీఆర్ ఉండాల్సిన పనే లేదు. తాత్కాలిక పర్మిట్ మీద ఉన్నవాళ్లు వరసగా పద్దెనిమిది నెలలు కెనడాలో నివసించి, పంతొమ్మిదో నెలలో చెల్లే పర్మిట్ చేతిలో ఉంటే చాలు. ఆ పద్దెనిమిది నెలలు మీవే కానక్కర్లేదు, మీతో కాపురం ఉన్న భర్తవైనా సరిపోతాయి. మీ ఆయనకు 2023 ఫిబ్రవరికే అవి నిండాయి. అంటే మీరు బాబుతో విమానం దిగేనాటికే అర్హత సిద్ధంగా ఉంది. అక్టోబరు నుంచి బాబు పేరున డబ్బు రావలసింది.

అదెంతో తెలిస్తే మీరే బాధపడతారు. ఆరు నుంచి పదిహేడేళ్ల బిడ్డకు 2024 జూలై నుంచి 2025 జూన్ వరకు గరిష్ఠంగా 6,570 కెనడా డాలర్లు, ఆ తర్వాతి ఏడాదికి 6,748. కుటుంబ ఆదాయాన్నిబట్టి ఇది తగ్గుతుంది. 2025 జూలైతో మొదలైన ఏడాదికైతే, 2024 ఆదాయం 37,487 డాలర్లు దాటినప్పటి నుంచి కోత మొదలు.

పోయిందనుకోకండి, కాలదోషం పట్టలేదు. వెనకటి పదేళ్ల దాకా అడగొచ్చు. కాకపోతే పదకొండు నెలలు దాటిన వెనకటి కాలానికి ఉత్త ఫారం చాలదు, రుజువులు జతచేయాలి. మీ ఆయన పర్మిట్లన్నీ 2021 నుంచి వరసగా పెట్టండి. మధ్యలో పర్మిట్ లేని నెలలుంటే దాచకుండా చెప్పండి. మీ పాస్‌పోర్టులో, బాబు పాస్‌పోర్టులో దిగిన తేదీ ముద్ర, ఇంటి అద్దె ఒప్పందం, కరెంటు బిల్లులు, బాబు చేరిన తేదీతో అక్కడి స్కూలు ఇచ్చే ఉత్తరం, డాక్టరు దగ్గరి కాగితాలు కావాలి. దరఖాస్తు మీ పేరునే పెట్టండి. బిడ్డతో కలిసి ఉన్న తల్లినే ముఖ్యంగా పెంచే మనిషిగా వాళ్లు భావిస్తారు. ఆర్సీ 66 అనే ఫారం, దానితో మీ వీసా హోదా, ఆదాయం చెప్పే అనుబంధ ఫారం కూడా నింపాలి. నాకు ఆదాయమే లేదు కదా అని మీరు ట్యాక్స్ రిటర్న్ వేసి ఉండరు. భార్యాభర్తలిద్దరూ ప్రతి ఏడాదీ వేయాలి, ఆదాయం సున్నా అయినా సరే. ఇక్కడ మీ పేరున కొబ్బరితోట కౌలో, చెరువు లీజో వస్తుంటే అదీ డాలర్లలో చూపాలి: కెనడా వెళ్లకముందు వచ్చింది ఆ అనుబంధ ఫారంలో, వెళ్లాక వచ్చింది ట్యాక్స్ రిటర్న్‌లో. ఊళ్లో ఆదాయం ఊళ్లోదే అంటే కుదరదు.

ఇంతా చేస్తే దరఖాస్తుకు ఫీజు పైసా లేదు. ఐదో వంతు దేనికి అడుగుతున్నాడో అతన్నే అడగండి.

ఇక పాప. 2023 నుంచి 2025 డిసెంబరు దాకా పాప తరఫున మీకు ఒక్క డాలరూ రాదు. కువైట్ రోజుల నుంచీ మన కోనసీమలో ఒక లెక్కుంది: డబ్బు పంపిన రసీదు ఉంటే పిల్లల బాధ్యత తీరినట్టే. అక్కడి చట్టానికి ఆ లెక్క పనికిరాదు. పైగా మీరు అంత జాగ్రత్తగా దాచిన రసీదులే పాప మీ దగ్గర లేదనడానికి మొదటి సాక్ష్యం. ఒకే ఇంట్లో ఉన్న బిడ్డ పోషణకు ఎవరైనా రాజోలు బ్యాంకుకు డబ్బు పంపుతారా?

రెండో సాక్ష్యం ఇంకా గట్టిది, అది మీ బ్యాంకు పాస్‌బుక్కులోనే ఉంది. 2025 జూన్‌లో తల్లికి వందనం డబ్బు పడిందంటే, 2024-25లో పాప ఇక్కడి బడికి కనీసం 75 శాతం రోజులు వెళ్లిందని రికార్డు చెప్పినట్టే. అదే కాలానికి అదే పాప మీ ఇంట్లో ఉందని అక్కడ సంతకం పెడతారా? రెండు ప్రభుత్వాల దగ్గర ఒకే బిడ్డ రెండు చోట్ల ఉంటే, ఏదో ఒకచోట మీరు అబద్ధమాడినట్టు వేరే రుజువు అక్కర్లేదు.

పాత తేదీ టీసీ గురించి సూటిగా చెప్తున్నాను, ముట్టుకోకండి. స్కూలు కరస్పాండెంటు మీకు మేనమామ వరసైనా సరే. బడిలో హాజరు ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఎక్కుతోంది, కాగితం మీద తేదీ మార్చినంత మాత్రాన అది మారదు. అలాంటి టీసీ పుట్టించినవాళ్ల మీద భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 336 కింద ఫోర్జరీ, వాడుకున్న మీ మీద సెక్షన్ 340 కింద కేసు పడొచ్చు. కెనడాలో ఇచ్చిన డబ్బు వెనక్కి లాక్కోవడమే కాదు, తప్పుడు వివరాలకు జరిమానా కూడా వేస్తారు. బాబుకు న్యాయంగా రావలసిన వెనకటి డబ్బును కూడా అనుమానంతో చూస్తారు. కన్సల్టెంట్ మాత్రం ఫోన్ నంబరు మార్చుకుంటాడు.

అదే టీసీ అసలు తేదీతో తీసుకుంటే మీకు చుట్టం. 2025 డిసెంబరులో పాప ఇక్కడి బడి మానిందని అది చెప్తుంది, పాస్‌పోర్టు ముద్ర దాన్ని బలపరుస్తుంది, అక్కడి స్కూలు చేర్చుకున్న ఉత్తరం దాన్ని పూర్తి చేస్తుంది. 2026 జనవరి నుంచి పాప పేరున కూడా అడగండి. పదకొండు నెలలు దాటకముందే వేస్తే పాత కాలానికి అడిగినన్ని కాగితాలు అడగరు. తర్వాతెప్పుడైనా పాపను మళ్లీ అమ్మ దగ్గర చదివించాలనుకుంటే కెనడా ప్రభుత్వానికి ముందే తెలియజేయండి. వేసవి సెలవులకు రాజోలు వచ్చి వెళ్లడం వేరు, ఇక్కడి బడిలో చేర్చడం వేరు.

మీరు అడగకపోయినా ఆ 13 వేల సంగతీ చెప్పాలి. తల్లికి వందనం రైస్ కార్డు ఆధారంగా ఇచ్చేది, ఊళ్లో ఆ కార్డుకు కుటుంబ ఆదాయం నెలకు 10 వేల లోపు ఉండాలి. మీ ఆయన కెనడాలో జీతం తీసుకుంటుంటే మీ ఇద్దరి పేర్లూ ఆ కార్డులో ఎలా ఉన్నాయి? గ్రామ సచివాలయంలో అమ్మగారి ద్వారా రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి మీ పేర్లు తీయించండి. ఆ 13 వేలు ఏ పరిస్థితిలో వచ్చాయో అందులోనే రాసి, తిరిగి కట్టమంటే కడతానని చెప్పండి. దరఖాస్తు నకలు మీద తీసుకున్నట్టు సంతకం, తేదీ వేయించుకోవడం మరిచిపోకండి.

మీరు పంపిన ఫొటోల్లో బాబు జనన ధ్రువపత్రం చూశాను. తండ్రి పేరుంది, తల్లి పేరుంది, ఊరి పేరుంది, పిల్లవాడి పేరుండాల్సిన గడి ఖాళీ. పదకొండేళ్లుగా అది అలాగే బీరువాలో ఉంది! చైల్డ్ బెనిఫిట్‌కు పుట్టుక రుజువుగా పాస్‌పోర్టు నకలు సరిపోతుంది కాబట్టి దానికోసం ఇప్పుడు ఆగనక్కర్లేదు. కానీ జనన మరణాల నమోదు చట్టం సెక్షన్ 14 కింద పేరు చేర్పించుకునే గడువు పుట్టిన నాటి నుంచి పదిహేనేళ్లు. మొదటి ఏడాది ఉచితం, ఆ తర్వాత ఆలస్య రుసుము కట్టాలి. మీకు ఇంకా నాలుగేళ్లే ఉన్నాయి. మీరిద్దరూ సంతకాలు చేసిన దరఖాస్తు, బాబు పాస్‌పోర్టు నకలు, ఇక్కడి పాత స్కూలు స్టడీ సర్టిఫికెట్ అమ్మగారికి పంపి ఈ నెలలోనే పంచాయతీలో ఇప్పించండి.